ఐసు కరిగేలోగా

ఎంబీఏ మొదటి సంవత్సరం పరీక్షలు అయ్యీ అవగానే నాగపూర్ కాలేజీలో ప్రశాంతి తోటివాళ్లంతా వేసవి ప్రాజెక్టులకని పుణే, ముంబై రైళ్లెక్కారు. ఎవరికి బ్యాంకు దొరికింది, ఎవరికి బైకుల కంపెనీ దొరికింది అన్నదే హాస్టల్లో మాట. ప్రశాంతి మాత్రం ప్రాణహిత ఒడ్డునున్న సిరొంచకు బస్సెక్కింది. పుట్టి పెరిగిన ఊరు కదా, ఇంటికి పోవడానికి వంక వెతుక్కుందని స్నేహితురాళ్లు నవ్వారు. నిజానికి ఆమెకు ఇంకెక్కడా దొరకలేదు. ఆ సంగతి ఎవరికీ చెప్పలేదు.

అది రెండువేల ఏడు. సిరొంచలో ప్రేమ్‌సాగర్ అనే అతను కిందటేడే ఒక కంపెనీ పెట్టాడు. పుణేలో కోల్డ్ స్టోరేజీలో కొన్నేళ్లు పనిచేసి, అది వదిలేసి వచ్చినవాడు. స్టార్టప్ అన్న మాట ఆ ఊళ్లో ఇంకా ఎవరి నోటా లేదు. ప్రేమ్‌సాగర్ చేపల బండి అనేవాళ్లు, అంతే. రెండు గదులు, ఒక వ్యాను, థర్మకోల్ డబ్బాలు, ఏరు దాటి మంచిర్యాల నుంచి వచ్చే ఐసు గడ్డలు. తెల్లవారకముందే ప్రాణహిత ఒడ్డున బెస్తవాళ్ల దగ్గర చేపలు తీసుకుని ఐసులో పెట్టి, అడవి దారిన అల్లపల్లి మీదుగా చంద్రపూర్ దాకా తీసుకుపోయి అమ్మడం అతని వ్యాపారం.

అతని దగ్గరే ప్రాజెక్టుకు చేరిన ప్రశాంతి మొదటివారమంతా వ్యానులో తిరిగింది. డ్రైవర్ జంగు ప్రతి ఊళ్లోనూ ఆపేవాడు. ఒకచోట టీకొట్టువాడికి రెండు చేపలు, ఒకచోట మాస్టారింటికి ఒకటి. అల్లపల్లిలో అయితే బస్టాండు పక్కన భోజనాల హోటల్ నడిపే భీమక్క చేపను తిప్పి తిప్పి చూసి, జంగుకు టీ తాగించి, కబుర్లన్నీ అయ్యాక గానీ డబ్బా వదిలేది కాదు. చంద్రపూర్ పెద్ద హోటలు వంటవాళ్లేమో రోజూ ఆలస్యమైందని విసుక్కునేవాళ్లు.

తరగతిలో చదువుకున్నదంతా ఆమెకు అక్కడ కళ్లకు కట్టినట్టు కనిపించింది. రెండు రాత్రులు కూర్చుని, రంగురంగుల పటాలతో ఒక ప్రజెంటేషన్ తయారుచేసింది.

"చిన్న గిరాకీలన్నీ బంద్ చేద్దాం అన్నా. దార్ల ఎక్కడా ఆగకుండ సీదా చంద్రపూర్ పోతే ఆ హోటల్ మొత్తం మాల్ తీసుకుంటది."

ప్రేమ్‌సాగర్ కంప్యూటర్ వంక చాలాసేపు చూశాడు. "మంచిగనే ఉన్నది ప్రశాంతీ. ఇన్నాళ్లు నాకెందుకు తోచలేదు?" అన్నాడు. అతని మొహం వెలిగిపోయింది. తన మాటకు ఒక కంపెనీ తల ఊపడం ఆమెకు అదే మొదలు. ఆ రాత్రి సంతోషంతో అన్నం కూడా సరిగ్గా తినలేదు.

చిన్న గిరాకీలకు చెప్పే పని కూడా తనే చేస్తానంది. అందరూ ఏదో ఒకటి అన్నారు. భీమక్క మాత్రం చేతిలో గరిటె కింద పెట్టి, "రేపటి సంది లేదా?" అని అడిగింది. లేదని, చిన్న గిరాకీలన్నీ ఆపేస్తున్నామని చెప్పాక, "సరే బిడ్డా," అని మళ్లీ పొయ్యి వైపు తిరిగింది. ఆమె ఇంకేమైనా అని ఉంటే బాగుండేదని వ్యానులో కూర్చున్నాక ప్రశాంతికి అనిపించింది. అడవిలోకి వచ్చేసరికి మరిచిపోయింది.

కొన్నాళ్లు బండి రాముడి బాణంలా పోయింది. ఆ తర్వాత ఒకరోజు, డబ్బాల నిండా బొచ్చె, వాలుగ చేపలతో వెళుతుండగా అల్లపల్లికి ఇవతల టేకు అడవిలో వ్యాను గుర్రుమని ఆగిపోయింది. జంగు కిందికి దూరి చూసి, మసి చేతులతో లేచాడు.

"క్లచ్ ప్లేట్ పోయింది మేడం. ఇగ కదలది."

ఫోనులో సిగ్నల్ లేదు. దారిన పోయే ట్రాక్టరుకు తాడు కట్టి బండిని అల్లపల్లి దాకా లాక్కొచ్చేసరికి ఎండ నడినెత్తికి వచ్చింది. సామాను చంద్రపూర్ నుంచి రావాలి, రేపటికి గానీ కాదన్నాడు మెకానిక్. డబ్బాల మూల నుంచి నీళ్లు చుక్కలు చుక్కలుగా కారడం మొదలైంది.

ప్రశాంతి ఎస్టీడీ బూతుకు పరుగెత్తి ముందు చంద్రపూర్ హోటలుకు ఫోన్ చేసింది. బతిమాలడానికి మాటలన్నీ కూడబలుక్కుంది. అవతల మేనేజరు సగం వినకుండానే, ఏం ఫర్వాలేదు మేడం, వేరేచోట నుంచి తెప్పించుకుంటాం అని హిందీలో మర్యాదగా చెప్పి పెట్టేశాడు. ఆమె రిసీవరు పట్టుకుని అలాగే నిలబడింది. తిట్టినా బాగుండేది. తాము వచ్చినా రాకపోయినా ఆ వంటింట్లో ఏమీ ఆగదు.

తర్వాత ప్రేమ్‌సాగర్‌కు చేసింది. "నేను బస్సుకు వస్త. సాయంత్రమైతది. అప్పటిదాంక ఐసు ఆగది," అన్నాడు. పెట్టేసే ముందు, "నువ్వు అక్కడ ఉన్నవ్. నీకేం తోస్తే అది చెయ్," అన్నాడు.

బయటికి వస్తే జంగు తువ్వాలుతో మొహం తుడుచుకుంటూ ఎదురుగా ఉన్నాడు. "భీమక్క దగ్గరికి పోదామా మేడం?" అని మెల్లగా అడిగాడు.

"ఏ మొహం పెట్టుకొని పోవాలె జంగూ?" అంది. అంటూనే నడిచింది.

హోటల్లో మధ్యాహ్నం జనం అప్పుడప్పుడే వస్తున్నారు. భీమక్క కోడిగుడ్ల కూర గిన్నె దించుతోంది. ప్రశాంతి జరిగిందంతా చెప్పింది. దాచిపెట్టి మాట్లాడే ఓపిక లేదు. భీమక్క విని, చేతులు కడుక్కుని వచ్చి బల్ల మీద కూర్చుంది.

"మొన్న నేను చిన్న గిరాకి అంటివి గద?"

"అన్న అక్కా. తప్పయింది."

"చిన్న గిరాకినే, అండ్ల తప్పేమున్నది? ఎల్లుండి లేదని ఇయ్యాల జెప్తే నాకింత టైం దొరుకుతుండె. రేపే లేదంటివి. కట్టె డిపోల కూలోళ్లు చాప కూరకని వచ్చి కూసుంటే గుడ్డు పెట్టిన. నా మాట పోయింది బిడ్డా. గదీ నా బాధ."

ప్రశాంతి తల వంచుకుంది. భీమక్క లేచి, "సరే, తే. రాత్రి వంటకు ఒక డబ్బా తీసుకుంట," అంది.

"మిగిలినయి అక్కా? నువ్వు జర చెప్తే..."

"నేను రాను. నా పొయ్యి మీద బువ్వ ఉన్నది. అటు డిపో క్వార్టర్లున్నయి, పో. చాప జూపియ్యి. మంచిగుంటే వాళ్లే తీసుకుంటరు." అని ఒక కత్తిపీట మాత్రం తెచ్చి జంగు చేతిలో పెట్టింది.

ప్రశాంతి జంగుతో కలిసి డబ్బాలు మోసుకుని అటవీ శాఖ క్వార్టర్లకు వెళ్లింది. మొదటి ఇంటి ముందు "చేపలు" అన్నది ఆమెకే వినపడలేదు. రెండో ఇంట్లోంచి సుశీలాబాయి అనే ఆవిడ తలుపు తీసి, చేప మొప్ప ఎత్తి చూసి, "పొలుసు తీసి ఇస్తావా?" అని మరాఠీలో అడిగింది. ఇస్తానంది. ఎన్నడూ తీసింది లేదు. జంగు చూపిస్తుంటే వీధి కుళాయి దగ్గర కూర్చుని తీసింది. పొలుసులు జుట్టు నిండా పడ్డాయి. సుశీలాబాయి నవ్వి పక్కింటామెను పిలిచింది. ఆమె ఇంకొకరిని. కాసేపటికి ప్రశాంతి గొంతు వీధి చివరి దాకా వినిపించింది.

పొద్దు వాలేసరికి ఐసు మొత్తం నీళ్లయింది. అడుగున కొన్ని చేపలు మెత్తబడ్డాయి, వాటిని గుంట తీసి పూడ్చారు. మిగతావన్నీ అమ్ముడుపోయాయి.

ప్రేమ్‌సాగర్ బస్సు దిగి వచ్చేసరికి ఆమె మెకానిక్ షెడ్డు ముందు ఖాళీ డబ్బాలు కడుగుతోంది. అతను ఏమంటాడోనని లేచి నిలబడింది.

"నాదే గలతి అన్నా. నేనే బంద్ చేపిచ్చిన."

"నువ్వు చెప్పినవ్, నేను సై అన్న. ఇద్దరిదీ," అన్నాడతను పక్కనే బోర్లించిన డబ్బా మీద కూలబడుతూ. "ఆ పెద్ద హోటల్ పేరు చెప్పుకుంటుంటే నాకు గూడ మంచిగనిపించింది. అండ్లనే పడిపోయిన. ఇప్పుడేం చేద్దామంటవ్?"

ఈసారి ఆమె దగ్గర రంగుల పటాలు లేవు. వారానికి రెండు రోజులు చంద్రపూర్, మిగతా రోజులు అల్లపల్లి దాకానే అని చెప్పింది. ఏ రోజు వచ్చేదీ ముందే అందరికీ చెప్పాలి, రాలేని రోజుంటే అంతకన్నా ముందే చెప్పాలి అంది. హోటలు కోసం పెద్ద చేపలే తెమ్మని బెస్తవాళ్లకు చెప్పి ఉన్నారు, వాళ్లతోనూ తనే మాట్లాడతానంది. మర్నాడు ఏటి ఒడ్డున పెద్దమనిషి బీరయ్య ఆమెను బాగానే పరేషాన్ చేశాడు. "పెద్దయి గావాలంటిరి, ఇప్పుడు చిన్నయి గూడ గావాలంటిరి. మీకు ఒక మాట లేదా?" అని అందరి ముందూ అడిగాడు. ఆమె మాట పడింది. పడి, వలలు దులిపేదాకా అక్కడే కూర్చుని, ఆయనతో సరే అనిపించుకునే లేచింది.

ఆ ఎండాకాలం అలా గడిచింది. లాభం గొప్పగా ఏమీ పెరగలేదు, కానీ చేప పారబోసే రోజు మళ్లీ రాలేదు. ప్రాజెక్టు రిపోర్టులో ఆమె తన మొదటి సలహానూ, అది ఎలా దెబ్బతిన్నదీ కూడా రాసింది. కాలేజీలో మార్కులు అంతంతమాత్రంగానే వేశారు. పనికిరాని సలహాకు ఇన్ని పేజీలు ఎందుకని ఒక ప్రొఫెసర్ అడిగితే, "ఎక్కువ నేర్చుకున్నది అక్కడే సార్," అంది. ఆయనకు నచ్చలేదు. ఆమె ఆ పేజీలు తీయలేదు.

అయితే అది జూలై మాట. అంతకుముందు జూన్‌లో తొలకరి పడి, సెలవులు అయిపోయి నాగపూర్ బస్సెక్కిన రోజున, అల్లపల్లిలో బస్సు ఆగగానే దిగి భీమక్క దగ్గరికి వెళ్లింది.

"పోతున్నవా? మళ్ల నీ జాగల ఎవరొస్తరు?"

"ప్రేమ్‌సాగరన్ననే వస్తడు."

"ఆయన మాట్లాడుడు ఎక్కువ, చాపలు తక్కువ," అని భీమక్క నవ్వింది. ప్రశాంతి వద్దంటున్నా వినకుండా ఆకులో అన్నం, వాలుగ పులుసు కట్టి ఇచ్చింది. బస్సు ఇంకా అడవి దాటకముందే ఆ వాసనకు ముందు సీటులో వాళ్లు వెనక్కి తిరిగారు. ఎక్కడి చేపమ్మా అని అడిగారు. ప్రశాంతి ఆకు విప్పి ఒడిలో పెట్టుకుని, ప్రాణహితదని చెప్పి, ఏ రోజుల్లో దొరుకుతుందో కూడా చెప్పింది.