తగ్గించి రాసిన నాలుగంగుళాలు

రాళ్లు కోసి నునుపు పట్టే ఆ ఫ్యాక్టరీలో నర్సును అందరూ ‘ఊదు సిస్టర్’ అనేవారు. ఏడాదికోసారి ఒక్కొక్కరి నోట్లో గొట్టం పెట్టి, ఊదు, ఊదు, ఇంకా ఊదు, ఆపకు అని గొంతు చించుకోవడం ఆమె పని. ఎంత గాలి ఊదారో ఆ గొట్టానికి తగిలించిన పెట్టె కంప్యూటరుకు పంపేది. వయసు, ఎత్తు ఆమె కొట్టేది. అంత ఎత్తు మనిషి ఊదాల్సిన దాంట్లో ఇతను నూటికి ఎంత ఊదాడో తెర మీద పడేది. ఎనభై దాటితే బాగున్నట్టు. దాటకపోతే ఆ మనిషిని కోత షెడ్డు నుంచి, ఆ రాతిదుమ్ములోంచి తప్పించాలి. పద్నాలుగేళ్లలో ఆమె చేతి మీదుగా తప్పుకున్నవాళ్లు ముగ్గురే.

పాత కంప్యూటరు రేపో మాపో అన్నట్టుండేది. స్విచ్చి వేశాక తెర వెలిగేలోపు ఆమె ఒక బీరువా మందులు సర్దేసుకునేది. చివరికి కంపెనీ కొత్తది కొన్నది. పాత ఫైళ్లు అందులోకి ఎక్కించడానికి వచ్చిన మెకానిక్ యాభై దాటిన మనిషి, మాట పొదుపు. పాత సాఫ్ట్‌వేర్ ఇందులో నడవదనీ, కొత్త సాఫ్ట్‌వేరే పాత ఫైళ్లలోని గాలి కొలతలు చదువుకుని లెక్క మళ్లీ మొదట్నించీ వేసుకుంటుందనీ చెప్పాడు. ఎత్తు మాత్రం గేటు కార్డుల నుంచి తీసుకుంటున్నానన్నాడు. ఉద్యోగంలో చేరిన రోజున ఆఫీసువాళ్లు కొలిచి రాసిన ఎత్తు అది.

ఆ మాటకు ఆమె చేతిలో పని వదిలేసి తెర దగ్గరికి వచ్చి నిలబడింది.

పేర్లు ఒక్కొక్కటే తెర మీదికి ఎక్కసాగాయి. బాగున్నవి పచ్చగా, బాగాలేనివి ఎర్రగా. మొదటి పేజీలోనే ఎరుపు ఆరుచోట్ల కనబడేసరికి మెకానిక్ తనదే పొరపాటనుకుని పని ఆపేశాడు. పాత కంప్యూటరులో అవే ఫైళ్లు తెరిచి, రెండు తెరలూ పక్కపక్కన పెట్టుకుని చాలాసేపు చూశాడు.

“గాలి రెండిట్లోనూ ఒకటేనమ్మా. ఎత్తే తేడా. అందరికీ నాలుగంగుళాలు తక్కువ కొట్టి ఉంది. ఎవరు కొట్టారు?”

“నేనే,” అంది.

ఆమె చేరిన కొత్తలో అప్పటి డాక్టరు చెప్పిన పద్ధతి అది. బూట్లతో నిలబెట్టి కొలుస్తున్నావు కాబట్టి నాలుగంగుళాలు తీసేసి కొట్టమన్నాడు. ఎత్తు తగ్గితే ఊదాల్సిన గాలీ తగ్గుతుంది, అప్పుడు ఊపిరి చాలనివాడు కూడా ఎనభై దాటేస్తాడు. ఈ సంగతి మొదటి ఏడాది ఆమెకు తెలియదు. రెండో ఏడాదికి తెలిసింది. నాలుగంగుళాల మడమ ఏ బూటుకూ ఉండదని చిన్నపిల్లలు కూడా చెబుతారు. ఒకసారి ధైర్యం చేసి అడగబోయింది. ఆయన కళ్లజోడు పైనుంచి చూసి, నువ్వు డాక్టరువా అన్నాడు. ఇక నోరెత్తలేదు. తర్వాత అది అలవాటైపోయింది. ఆయన రిటైరయ్యాడు, వారానికోసారి వచ్చి సంతకాలు పెట్టిపోయే డాక్టరు వచ్చాడు. ఈయన ఏమీ చెప్పలేదు. అయినా ఆమె తీసేస్తూనే ఉంది.

మధ్యాహ్నానికి ఫైళ్లన్నీ ఎక్కాయి. నాలుగు వందల పన్నెండు మందిలో అరవై మూడు మంది ఎరుపు. ఆమె ఒక్క పేరు కోసమే వెతికింది. చెల్లెలి మొగుడిది. ఏడేళ్ల కిందటి పరీక్షలో డెబ్భై ఒకటి. ఆ రోజు పాత తెర ఎనభై రెండు చూపించింది. నీకేమయ్యా, గుండ్రాయిలా ఉన్నావని తనే వీపు తట్టి పంపింది. అతను మరో ఆరేళ్లు కోత షెడ్డులోనే చేశాడు. ఇప్పుడు మంచం, దాని పక్కన ఆక్సిజన్ సిలిండరు, ఆ గొట్టం పొడవున్నంత మేరే అతని లోకం.

మెకానిక్ చెప్పాల్సిన చోట చెప్పాడు. అరగంటలో మేనేజరు ఫోన్ చేశాడు. సాఫ్ట్‌వేర్ తేడా చేస్తోందట, పాత ఫైళ్లేవీ ఎక్కించొద్దట, ఎక్కించినవి కూడా తుడిచేసి పాత కంప్యూటరును స్టోరుకు పంపేయాలట. మెకానిక్ ఫోన్ పెట్టేసి ఆమె వైపు తిరిగాడు.

“తుడిచెయ్యమంటున్నారు. మీరేమంటారు?”

“నాకొక కాపీ తీసివ్వండి. తర్వాత మీ ఇష్టం.”

అతను కాపీ తీసి, అరవై మూడు పేర్లూ కాగితం మీద ప్రింటు కూడా కొట్టిచ్చి, తర్వాత తుడిచాడు.

సాయంత్రం ఆమె తిన్నగా చెల్లెలింటికి వెళ్లింది. దారంతా మాటలు కూర్చుకుంది గానీ గడప దాటాక ఒక్కటీ పనికిరాలేదు. నిలబడే చెప్పేసింది. డాక్టరు మాట చెప్పింది, రెండో ఏడాదికే తనకు తెలిసిందన్న మాట కూడా దాచకుండా చెప్పింది. చెల్లెలు బట్టలు మడతపెడుతూ వింటోంది. మడత ఆగిపోయింది.

మంచం మీద అతను కళ్లు మూసుకుని ఊపిరి కూడదీసుకున్నాడు. “ఇంకా... షెడ్డులో ఎంతమందున్నారు వదినా?”

“ముప్పై ఒక్కరు.”

“వాళ్లకి చెప్పు,” అన్నాడు. అంతకంటే మాట్లాడే ఓపిక లేదు.

చెల్లెలు ఆమెను వీధి గుమ్మం దాకా సాగనంపింది. ఏడవలేదు, తిట్టలేదు. “ఆ ఏడాది నువ్వు చెప్పుంటే ఈయన నడిచేవాడు కదే అక్కా,” అంది. “ఇంక రాకు మా ఇంటికి.” తలుపు చప్పుడు కాకుండా వేసుకుంది.

మర్నాడు పొద్దుటి షిఫ్టుకు ఆమె గేటు దగ్గర నిలబడి, కాగితం చూసి పేరు పేరునా పిలిచి చెప్పింది. కొందరు నమ్మలేదు. ఒకతను నవ్వి, ఈ వయసులో నా ఎత్తు పెంచావా సిస్టరూ అన్నాడు. పక్కవాళ్లెవరూ నవ్వకపోయేసరికి అతని నవ్వూ ఆగింది. పది గంటలకల్లా ఆమెను ఉద్యోగంలోంచి తీసేశారు.

కార్మిక శాఖ విచారణ ఐదు నెలలు సాగింది. ముసలి డాక్టరు తనకేమీ గుర్తు లేదన్నాడు. కాగితం మీద ఆయన మాట ఎక్కడా లేదు. ప్రతి ఎత్తు కిందా ఆమె పొడి అక్షరాలే ఉన్నాయి. ఎవరైనా బలవంతం చేశారా అని అధికారి అడిగితే, “లేదు సార్. చెప్పారు, చేశాను,” అని సంతకం పెట్టింది. ముప్పై ఒక్కరినీ షెడ్డు నుంచి తప్పించమని ఉత్తర్వు వచ్చింది. ఆమె ఇంకెక్కడా నర్సుగా చేయకూడదని కూడా అందులోనే ఉంది. ఆ ఉత్తర్వు రావడానికి పదకొండు రోజుల ముందే చెల్లెలి మొగుడు పోయాడు. ఆమె వెళ్లింది. చెల్లెలు వెళ్లిపొమ్మనలేదు, దగ్గరికీ రాలేదు. ఆమె వీధిలోనే మిగతా ఆడవాళ్లతో పాటు నిలబడి, చూసి, తిరిగొచ్చేసింది.

తర్వాత కొన్నాళ్లకు కాగితంలో పేరున్న ఒకతను ఆమె ఇల్లు వెతుక్కుంటూ వచ్చాడు. మేడ మెట్లు పద్దెనిమిదీ ఎక్కేసరికి ఆయాసం పట్టుకుంది. కుర్చీ వేసి కూర్చోబెట్టి మంచినీళ్లిచ్చింది. అతను తేరుకుని, ఇంక దుమ్ములోకి వెళ్లడం లేదు కదా, నాకు తగ్గుతుందా అని అడిగాడు.

“తగ్గదు,” అంది ఆమె. “ఇక్కడితో ఆగితే ఆగొచ్చు.”

అతను తలూపాడు. గ్లాసు కింద పెట్టి ఇంకాసేపు కూర్చున్నాడు. దిగేటప్పుడు ఆమె చెయ్యి అందించబోతే వద్దని, గోడ పట్టుకుని తనే దిగాడు.