ఆవకాయ జాడీకి చోటిచ్చిన కంప్యూటర్

నేను ఒక కంప్యూటర్‌ని. ఆ రోజు సంచి అడుగున మొదట సర్దింది నన్నే. ఓడలో వైర్‌లెస్ ఆఫీసరుగా చేసే సింహాద్రి నన్ను తన చొక్కాల మధ్య పసిపిల్లలా పడుకోబెట్టాడు. పది నిమిషాల తర్వాత అతని భార్య వరహాలు వచ్చి, నన్ను బయటికి లాగి, నా చోట్లో ఆవకాయ జాడీ పెట్టింది.

“ఓడలో ఈ పలక తింటావా?” అంది.

“పలక కాదే, కంప్యూటరు.”

“ఏదైతే నాకేటి? అన్నంలో కలుస్తాదా?”

అక్కడ మొదలైన గొడవ విశాఖపట్నం వన్‌టౌన్‌లోని ఆ సందు చివరిదాకా వినబడింది.

నా రూపం చూస్తే వరహాలుది తప్పనలేను. మీటలున్న డబ్బా, అంతే. ముఖం కావాలంటే టీవీ తగిలించాలి, జ్ఞాపకం కావాలంటే టేప్‌రికార్డర్. సింహాద్రి నన్ను సింగపూర్‌లో పాత సామాన్ల కొట్లో కొన్నాడు. కొట్టువాడితో “మీటలు వదులయ్యాయి, ఎవడు కొంటాడు దీన్ని” అని ధర సగానికి దించాడు. ఇంటికొచ్చి “కొత్తది, మన ఊళ్ళోనే లేదు” అన్నాడు. కొనేదాకా చెత్త, కొన్నాక నిధి. మనుషుల నోట ఈ రెండు మాటలే విన్నాను. వాళ్ళమీద గౌరవం అప్పుడే పోయింది.

గొడవయ్యాక అతను నన్ను మళ్ళీ సంచిలో పెట్టలేదు. నన్ను టీవీకి తగిలించి అరగంట ఏదో కొట్టి, దాన్ని క్యాసెట్‌కి ఎక్కించాడు. “నానెల్లాక ఇది పెట్టుకో” అని క్యాసెట్ నా మీద పెట్టి, జాడీ ఉన్న సంచి భుజానికి తగిలించుకుని మెట్లు దిగాడు.

ఓడల మీద పోయే ఆ వీధి మగవాళ్ళు ఉత్తరాలు రాసేవారు కాదు. చెప్పదలచుకున్నది క్యాసెట్‌లో చెప్పి పంపేవారు. ఇదీ అలాంటిదే అనుకుని వరహాలు వంటింటి టేప్‌రికార్డర్‌లో పెట్టింది. కీమని చెవులు చిల్లులు పడే కూత, ఆరు నిమిషాలు. నా రాత వినబడేది అలాగే. దాన్ని చదవగలిగేది నేనొక్కదాన్నే. ఆ సంగతి ఆమెకెవరూ చెప్పలేదు. తన కేకలనే వెక్కిరించి పోయాడనుకుంది. నన్నూ క్యాసెట్‌నూ దిండు గలీబులో కుక్కి బీరువా మీద పడేసింది. రానీ, అడుగుతాను అని కాచుకుంది.

ఓడ రేవు చేరలేదు. టెలిగ్రాం చేరింది.

తర్వాత ముప్పై ఏడేళ్ళు ఏటా ఆయుధపూజ నాడు నన్ను కిందికి దించి, పసుపు రాసి, బొట్టు పెట్టి, మళ్ళీ పైన పెట్టేది.

అప్పుడొచ్చాడు చిదంబరం. పాత కంప్యూటర్లు చవకగా ఏరుకోవడం అతని సరదా. దానికో పద్ధతి ఉంది. కారు మూడు సందుల అవతల ఆపుతాడు. కాలరు చిరిగిన చొక్కా ఒకటి ఆ పనికే దాచుకున్నాడు. ఓడ ఉద్యోగుల పాత ఇళ్ళు వెతికి, “పాత రేడియోలు ఏమన్నా ఉన్నాయా అమ్మా” అని దీనంగా అడుగుతాడు. గలీబు విప్పగానే అతను నన్ను తిరగేసి అడుగున ఉన్న పేరు చదువుకున్నాడు. నోరు మాత్రం వేరే పాట అందుకుంది.

“అబ్బే, ఇది చచ్చిపోయిందమ్మా. చూడండి, ప్లాస్టిక్ కూడా పసుపెక్కింది.”

“అది నాను రాసిన పసుపే బాబూ.”

“ఏదైనా గానీ. మీ మొహం చూసి ఐదొందలిస్తాను. ఆ క్యాసెట్ కూడా ఇచ్చేయండి.”

“దాన్లో ఏటీ లేదు, ఒట్టి కూత” అంటూ వరహాలు జరిగిందంతా చెప్పింది. చిదంబరం గర్వం ఆపుకోలేకపోయాడు.

“కూత కాదమ్మా. అది ప్రోగ్రాము. దీనికి పెడితే టీవీ మీద అక్షరాలొస్తాయి.”

ఆమె క్యాసెట్‌ని రెండు చేతుల్లోకి తీసుకుంది. “అచ్చరాలా?” అంది. దాన్ని అతని చేతికిస్తూ, “అయితే ఆయన ఏటి రాసినాడో సూసి సెప్పు బాబూ. డబ్బులొద్దు నాకు. అదొక్కటీ సెప్పు” అంది.

“రిపేరు చేయించి, ఆదివారం వచ్చి చెప్తాగా.”

ఐదొందల నోటు తిరిగి జేబులోకి దూరింది. అంత చురుగ్గా ఆ చెయ్యి ముందుకు రావడం నేను చూడలేదు.

నాకు ఏ రిపేరూ అక్కర్లేకపోయింది. ఆ సాయంత్రమే వెలిగాను. ఆరు నిమిషాలు కూసి, సింహాద్రి రాసింది ఉన్నదున్నట్టు చూపించాను. ఇంగ్లీషు అక్షరాల్లో తెలుగు మాటలు: ‘ఆవకాయే మంచిది. తప్పు నాదే. నీ కోపం తగ్గాక, నేనొచ్చి దీని మీద నీ పేరు రాయడం నేర్పిస్తాను.’

చిదంబరం కళ్ళద్దాలు తీసి తుడుచుకున్నాడు. కాదనను. తుడుచుకుని, ఫోటో తీసి, తనలాంటివాళ్ళ గుంపులో పెట్టాడు. ‘ఉచితంగా దొరికింది’ అని రాశాడు. అందరూ మెచ్చుకున్నారు. ఒక్క స్నేహితుడు మాత్రం ఫోన్ చేసి, “ఆవిడకు చెప్పావా?” అని అడిగాడు.

“చెబితే వెనక్కిమ్మంటుందిరా” అన్నాడు చిదంబరం.

స్పిరిట్‌తో నా బొట్టు తుడిచి గాజు అల్మారాలో పెట్టాడు. నా పక్కన ఇంకో ముప్పై ఉన్నాయి, అన్నీ ఇలా గెలుచుకున్నవే. వచ్చినవాళ్ళకు నన్ను చూపించి, నిధి అంటాడు.

సింహాద్రి 1986 ఆగస్టు తొమ్మిదిన వెళ్ళాడు. తిరిగి రాలేదు. చిదంబరం వస్తానన్న ఆదివారం 2023 నవంబరు పన్నెండు. ఆ రోజు వెళ్ళలేదు. ఆ తర్వాతా వెళ్ళలేదు.