గొంగడి వాసన

ఖతార్‌లోని ఉమ్ సలాల్ తోటలో నక్కకు మేకలు కాసే రాజన్న అంటే లెక్కే లేదు. తెల్లవారుతుండగా వచ్చేది, కంచె కింద తవ్వుకున్న సందులోంచి దూరేది, అప్పుడే పుట్టిన మేకపిల్లను నోట కరచుకుని అత్తారింటికి వచ్చినంత దర్జాగా పోయేది. రాజన్న వేసిన ఎర దగ్గరికి మాత్రం వచ్చేది కాదు.

మామూలుగా అయితే అది కఫీల్ నష్టం, అంటే తోట యజమానిది, రాజన్నకేం? కానీ ఈసారి ఆయన మెలిక పెట్టాడు. మేకలు ఈనే కాలం, తోటలో వాటికి పురుడు పోయగలిగినవాడు రాజన్న ఒక్కడే. సెలవు అడిగితే గడ్డం నిమురుకుంటూ, "నక్కను పట్టు. రోహ్ బలద్" అన్నాడు. పట్టిన రోజే ఊరికి పొమ్మని అర్థం. పట్టకపోతే ఎండాకాలం దాకా ఊరి మాట ఎత్తొద్దని కూడా అర్థం.

రాజన్నకు ఊరంటే భార్య గౌరవ్వే. జగిత్యాల పక్క పల్లెలో కాపురం ఇంకా కుదురుకోకముందే విమానం ఎక్కేశాడు. ఇక్కడికి వచ్చాక ఇది మూడో చలికాలం. ఖతార్‌లో చలేమిటని ఊళ్ళో వాళ్ళు నవ్వుతారు గానీ, డిసెంబరులో ఆ ఎడారి గాలికి తెల్లవారుజామున బయట కూర్చుంటే తెలుస్తుంది. ఒకసారి గౌరవ్వతో ఫోన్‌లో చలి అన్నాడో లేదో, పక్కూరి గజేందర్ సెలవు నుంచి వస్తూ ఒక మూట తెచ్చి చేతిలో పెట్టాడు.

"ఇగో, మీ ఆమె పంపింది. దారిల ఇప్పద్దు, మీద కప్పుకోవద్దు అని నాతోని ఒట్టేయించుకున్నదన్నా. గంత కట్టడేందో!" అన్నాడు గజేందర్.

మూట విప్పితే నల్ల గొంగడి. కట్టడి ఎందుకో రాజన్నకు అప్పుడు తెలిసింది. అది గౌరవ్వ ఇన్నాళ్ళూ కప్పుకు పడుకున్నది. పొయ్యి పొగ, కొబ్బరినూనె, ఇంకా పేరు లేనిదేదో, అచ్చంగా ఆమె వాసన. ముసుగు తన్ని పడుకుని, గదిలో ఎవరూ లేరని చూసుకుని, చిన్నపిల్లాడిలా ఏడ్చాడు. ఆ రోజు నుంచి దాన్ని ఎవరినీ ముట్టుకోనివ్వలేదు.

నక్క కోసం ఇనుప బోను సిద్ధం చేశాడు. తలుపు పైకెత్తి తాడు కట్టాడు. లోపల కోడి పేగులు, దారి పొడుగునా చేపల తలకాయలు. తాడు కొస పట్టుకుని గడ్డిమోపుల వెనక గొంగడి కప్పుకుని కూర్చునేవాడు. ఆ నలుపు నీడలో కలిసిపోయి మనిషి ఉన్నట్టే తెలిసేది కాదు. నక్క వచ్చేది, చేప తలకాయ దాకా వచ్చేది, మూతి ఎత్తి గాలి పీల్చేది, వెనక్కి తిరిగేది.

గొంగడి మానేసి చూశాడు. స్వెట్టర్‌తో కూర్చుంటే దగ్గు ఆగలేదు. గదిలోని పులిబొమ్మ రజాయి కప్పుకుంటే ఆ ఎరుపూ పసుపూ అల్లంత దూరానికి కనిపించాయి. "పులిని చూసి జడుసుకుందేమో భాయ్" అని హిందీలో ఎకసెక్కమాడాడు దానియాల్. తోట బండి నడిపే బలూచీ అతను, కొండల్లో గొర్రెల మధ్య పెరిగాడు. నవ్వడం అయ్యాక, రాజన్న వద్దంటున్నా గొంగడి అంచు ముక్కు దగ్గర పెట్టుకున్నాడు.

"దీన్నిండా ఇల్లే ఉంది భాయ్. పొగ, నూనె, మనిషి. నక్క దీని దగ్గరికి ఎందుకొస్తుంది? నాలుగు రోజులు మేకల కింద పరుచు. అవి తొక్కి, దాని మీదే పడుకుని, ఉచ్చ పోస్తే, నువ్వూ ఒక మేకవే అనుకుంటుంది."

రాజన్నకు ఒళ్ళు మండిపోయింది. గొంగడి లాక్కుని గదిలోకి పోయాడు. దానియాల్‌తో రెండు పూటలు మాట్లాడలేదు. ఈలోగా నక్క ఇంకో పిల్లను తీసుకుపోయింది. కఫీల్ వచ్చి ఖాళీ బోనును కాలితో తోసి వెళ్ళిపోయాడు. తిట్టినా బాగుండేది.

శుక్రవారం మధ్యాహ్నం గౌరవ్వకు ఫోన్ చేశాడు.

"గొంగడిని మేకల కింద ఎయ్యాల్నట."

"ఎయ్యి మరి."

"నీ వాసన పోతదే."

అటువైపు పొయ్యిలో కట్టె ఎగదోసిన చప్పుడు.

"పోతే పోనియ్" అంది గౌరవ్వ. "దాన్ని పట్టుకొని ఎన్నొద్దులు పంటవు? నక్కను వడ్తె నువ్వే వస్తవు గద. నేనీడనే ఉన్న, నా వాసన యాడికి వోతది?"

ఆ మధ్యాహ్నమంతా ముసుగు తన్ని పడుకున్నాడు. సాయంత్రం మేకల పాకలోకి వెళ్ళి గొంగడి పరిచాడు. మొదటి మేక దాని మీద కాలు పెట్టగానే మొహం తిప్పుకున్నాడు. గౌరవ్వను తనే అక్కడ వదిలేసి వచ్చినట్టు అనిపించింది.

నాలుగు రోజులయ్యాక ఆ గొంగడే కప్పుకుని మళ్ళీ గడ్డిమోపుల వెనక కూర్చున్నాడు. అనుకున్నట్టే అయింది. పొగమంచు దట్టంగా పట్టిన ఉదయం నక్క వచ్చింది. చేప తలకాయలు ఒక్కొక్కటే నమిలింది. ఆగింది. మూతి ఎత్తింది. నక్క తల దించి బోనులోకి నడిచింది. తాడు వదిలాడు.

దానియాల్ ఈల వేశాడు. "నక్క తోక తొక్కొచ్చినవు రాజన్నా!" అని కబురు విన్న గజేందర్ ఫోన్‌లో అరిచాడు. కఫీల్ మాట మాటే, టికెట్ చేయిస్తానన్నాడు. నక్కను దూరంగా ఎడారిలో వదిలేయమని బోనును బండిలోకి ఎక్కించాడు. బక్కచిక్కిన జంతువు, చెవులు మాత్రం పెద్దవి. తను తవ్వుకున్న సందు వైపే చూస్తోంది. రాజన్న బోను దగ్గరికి వంగాడు. "నన్ను ఇంటికి తోల్తున్నవు, నిన్ను ఇంట్లకెల్లి బయటికి తోల్తున్నం" అన్నాడు దానితో. బండి వెళ్ళిపోయింది.

ప్రయాణానికి ముందు రోజు బకెట్ నిండా నీళ్ళు పట్టాడు. గొంగడి కంపు భరించలేనట్టుంది. ఒక మూల అయినా మిగిలిందేమోనని మడత మడతా వాసన చూశాడు. ఎక్కడా లేదు. సబ్బుపొడి చేతిలోకి తీసుకున్నాక ఫోన్ మోగింది.

"ఏం జేస్తున్నవు?" అంది గౌరవ్వ.

"గొంగడి ఉతుకుతున్న. గిట్ల తెస్తే నువ్వు ఇంట్లకు రానియ్యవు."

"ఉతుకకు!" అని అరిచింది. తర్వాత నెమ్మదిగా అంది. "నువ్వు నన్ను కప్పుకొని పన్నవు. నాకేం పంపినవు? ఆ ఖతార్‌ల ఏడ పంటున్నవో, ఏం వాసనల బతుకుతున్నవో, ఇన్నేండ్ల సంది నాకెర్కనా? అట్లనే తే."

రాజన్న సబ్బుపొడి తిరిగి పొట్లంలో పోసేశాడు. నీళ్ళు తీసుకెళ్ళి మేకల తొట్టిలో పోశాడు.