అమ్మ చెబితేనే

మధ్యాహ్నం ఒంటిగంట దాటింది. సైకిల్ షాపు ఎదురుగా, మూసి ఉన్న కొట్టు స్తంభం చాటు నుంచి ఒక పెద్దావిడ దొంగలా తొంగి చూస్తోంది. ఆమె చూస్తున్నది తన కొడుకునే.

కొడుక్కి ముప్ఫై ఆరేళ్లు. అందరికీ చిన్నోడే. ఒళ్లు పెరిగింది గానీ బుద్ధి ఆరేళ్ల దగ్గరే ఆగిపోయిందని చుట్టాలు చెవులు కొరుక్కుంటారు. రేపు పొద్దున్నే ఆమె గుండె ఆపరేషన్‌కు ఆసుపత్రిలో చేరాలి. తిరిగి వస్తుందో రాదో డాక్టర్లే తేల్చి చెప్పలేదు. చిన్నోణ్ణి షాపు వెనకే ఉన్న తమ ఇంట్లో మనిషిగా ఉంచుకుంటామని సైకిల్ మెకానిక్ దంపతులు ముందుకొచ్చారు. వాడు అక్కడ ఇమడగలడో లేదో చూడటానికి సంక్షేమశాఖ అధికారిణి రెండు రోజుల గడువు పెట్టింది. అంతవరకూ తల్లి ఆ గడప తొక్కకూడదు. కుదిరితే ఈ ఇల్లు. లేదంటే ఊరి చివర, గేటుకు తాళం వేసి ఉండే వసతిగృహం.

ఇది రెండో రోజు. చిన్నోడు మంచినీళ్లు తప్ప ఏమీ ముట్టలేదు.

పని మాత్రం హుషారుగా చేస్తున్నాడు. ట్యూబును నీళ్ల తొట్టిలో ముంచి, బుడగ లేచిన చోట వేలు పెట్టి, "దొరికాడు దొంగ!" అని అరుస్తున్నాడు.

"నాకంటే నీ కళ్లే నయంరా. రేపటి నుంచి నువ్వే మేస్త్రీవి," అని మెకానిక్ అంటే పడీపడీ నవ్వుతున్నాడు.

పళ్లెం రాగానే పెదాలు బిగించేశాడు.

"నా వంట అంత ఘోరంగా ఉందా నాయనా? మీ బాబాయి ఇరవై ఏళ్లుగా తింటున్నాడు, ఏమీ కాలేదుగా!" అంది మెకానిక్ భార్య.

"వద్దు పిన్నీ. అమ్మ చెప్పలేదు."

స్తంభం చాటున తల్లికి ఆ మాట వినబడింది. వాడికి పదేళ్లప్పుడు ఎవరో ఆకతాయిలు మిఠాయి అని సబ్బుముక్క తినిపించారు. వాడు నురగలు కక్కుతుంటే చప్పట్లు కొట్టారు. 'నేను చెబితే తప్ప ఎవరేం పెట్టినా తినకు' అని ఆ రోజు మొదలుపెట్టిన పాఠం ఇరవై ఆరేళ్లు నూరిపోసింది. వాడు ఒక్క అక్షరం మరిచిపోలేదు.

ఉండబట్టలేక రోడ్డు దాటి లోపలికి వచ్చింది. "తిను నాన్నా!"

చిన్నోడు ఆవురావురుమంటూ నాలుగు ముద్దలు మింగాడు. ఆమె తలుపు చాటుకు తప్పుకుంది. వాడి చెయ్యి ఆగిపోయింది. మళ్లీ కనబడింది. మళ్లీ తిన్నాడు.

అప్పటికే గుమ్మంలోకి వచ్చిన అధికారిణి అంతా చూసింది. కోప్పడలేదు. "రేపు ఎవరు చెబుతారమ్మా?" అంది మెల్లగా.

తల్లి కొడుకు గడ్డం పట్టుకుంది. "ఒరే, ఇకనుంచి ఈ పిన్ని పెట్టినా తినాలి. నేను చెబుతున్నాగా!"

"సరే," అన్నాడు చిన్నోడు బుద్ధిగా. "రేపు కూడా వచ్చి చెప్పు."



"ఇంకో వారం గడువు ఇప్పిస్తాను," అంది అధికారిణి చివరికి. "మెల్లగా అలవాటు చేద్దాం."

"వారం మీ దగ్గర ఉంది తల్లీ. నా దగ్గర లేదు." ఆమె మెకానిక్ భార్య చెయ్యి పట్టుకుంది. "లోకం నుంచి వీణ్ణి కాపాడుతున్నాననుకున్నాను. నేనున్నప్పుడే నలుగురి చేతి ముద్దా అలవాటు చేసి ఉండాల్సింది. నాలాంటి తల్లి ఎవరైనా కనబడితే చెప్పమ్మా, బిడ్డను తన ఒక్క చేతికే కట్టేసుకోవద్దని. ఆ చెయ్యి ఎల్లకాలం ఉండదు."