పళ్లెం చప్పుడు

కురుమయ్య పడవ బూర రబ్బరు బుగ్గను నొక్కి, ఇంజను ఆపి, భుజాలను కొద్దిగా వెనక్కి వాల్చాడు. వాటి మీద పడవలసిన చెయ్యి ఇవాళ లేదు.

కృష్ణా నది మీద పొగమంచు కమ్ముకుంది. ముందు కూర్చున్నవాళ్ల వీపులు తప్ప మరేమీ కనబడదు. ఇలాంటి పొద్దుల్లో ఈ రేవుకు ఒక కట్టుబాటు ఉంది. మరపడవ బూర మోగించి, ఇంజను ఆపి, నిలవాలి. చేపలకు వచ్చిన పుట్టి, ఆ గుండ్రటి బుట్టపడవ, దగ్గర్లో ఉంటే, అందులోని మనిషి పళ్లెం మోగించాలి. ఆ మోత ఎటునుంచి వస్తే అటు పోకుండా పడవ తప్పుకోవాలి.

ఏళ్ల తరబడి ఇంజను పక్కనే కాపురమున్న కురుమయ్య చెవులు దూరపు చప్పుళ్లను ఎప్పుడో వదులుకున్నాయి. పక్కనున్నవాళ్ల మాట వినబడుతుంది. నీటి మీద పళ్లెం మోత వినబడదు. ఈ సంగతి భార్య మల్లికకు తప్ప ఎవరికీ తెలియదు. తెలిస్తే పడవ చేజారుతుంది. అందుకే ఆమె రోజూ అతని వెనుక కూర్చుని, మోత కుడినుంచి వస్తే కుడి భుజాన్నీ, ఎడమనుంచి వస్తే ఎడమ భుజాన్నీ తట్టేది. చూసినవాళ్లు ఆలుమగల సరసమనుకునేవారు.

నిన్న జ్వరం ముదిరి ఆమెను కొల్లాపూర్ దవాఖానలో చేర్చారు. “మంచు వడ్తే పడవ తియ్యకు,” అన్నది, అతని చెయ్యి వదలకుండా. తియ్యకపోతే ఎందుకని నలుగురూ అడుగుతారు. తీశాడు. అవతలి ఒడ్డున జనాన్ని ఎక్కించుకుని ఇటు బయలుదేరాడు.

“ఏంది కురుమన్నా, భుజం తట్టే మల్లికక్క లేదని పడవ గుడ నడుస్తలేదా?” సీతాఫలాల గంప పక్కన కూర్చున్న బిక్షమ్మ అడిగింది.

పడవంతా ఘొల్లున నవ్వింది. ఆ నవ్వుల్లో వాళ్లకూ ఏమీ వినబడలేదు. మోత వినబడితే అటు తిరుగుతారని అతను అందరి తలలకేసి చూశాడు. ఎవరూ ఎటూ తల తిప్పలేదు. పుట్టి లేదనుకుని ఇంజను తాడు లాగాడు.

మంచులోంచి, చేపలు పట్టే నర్సింగమ్మ పుట్టి ఎదురుగా తేలింది. ఆమె చెయ్యి లేస్తోంది, పడుతోంది, పళ్లెం వణుకుతోంది, నోరు తెరిచే ఉంది. అతను చుక్కానిని గుండెకు హత్తుకుని తిప్పాడు. పడవ అంచు రాసుకుని పుట్టి గిర్రున తిరిగింది. పళ్లెం చేజారి నీటిలో మునిగింది.

ఇంజను ఆపేశాడు.

“ఎంత గట్టిగ కొట్టిన!” నర్సింగమ్మ అరిచింది. “చెవులు ఇంట్ల వెట్టొచ్చినవా, కురుమన్నా?”

“ఇంట్ల గాదక్కా, దవాఖానల ఉన్నయి నా చెవులు,” అన్నాడు. “శానొద్దుల సంది నాకు దూరపు మోత ఇనవడ్తలేదు.”

ఎవరూ నవ్వలేదు. బిక్షమ్మ గంపను పక్కకు జరిపి, లేచి వచ్చి, మల్లిక కూర్చునే చోట కూర్చుంది. ఆ తరువాత బూర మోగిన ప్రతిసారీ పడవంతా ఊపిరి బిగబట్టింది. ఒక్కసారి కుడి భుజాన ఆమె వేళ్లు బెరుకుగా తగిలాయి. అతను ఎడమకు తిప్పాడు.

రేవులో తోటి పడవవాడు పరమేష్ ఎదురొచ్చాడు. కురుమయ్య ఇంజను తాడు అతని చేతిలో పెట్టాడు.

“ఇగ నువ్వే నడుపు, తమ్మీ.”

“ఏమైందే? నువ్వేడికి?”

“కొల్లాపూర్ బస్సుకు.”

గట్టెక్కి పోతున్నాడు. “అన్నా, బూర మర్సినవ్!” పరమేష్ అరిచాడు. కురుమయ్య వెనక్కి తిరగలేదు.

పడవ పలక మీద బూర తడిగా మెరుస్తోంది. దాని రబ్బరు బుగ్గ మీద అతని బొటనవేలి గుంట ఇంకా పూడలేదు.