అర అంగుళం

నేను ఒక టేపును. వడ్రంగుల దగ్గరుండే ఇనప టేపును కాదు, దర్జీల మెడలో వేలాడే మెత్తటి రకాన్ని. నాలాంటివాళ్లను వందల్లో అచ్చుకొట్టి, చుట్టలు చుట్టి, డజన్ల లెక్కన పంపారు. ఆ రోజుకు మేమందరం ఒక్క కొలతే.

చీరాలలో ఇందుమతి నన్ను కొనుక్కుంది. ముందుగదిలో మిషను వేసుకుని జాకెట్లు కుడుతుంది. భర్త పోయాక ఆ మిషను మీదే కొడుకును డిగ్రీ దాకా చదివించింది. పదకొండేళ్లు ఆమె మెడలో ఉన్నాను. నేను నడుము చుట్టూ తిరగగానే ఆడవాళ్లు ఊపిరి బిగబట్టి పొట్ట లోపలికి లాక్కుంటారు. ఇందుమతి చూడనట్టే ఉండి, రెండు వేళ్ల సందు వదిలి రాసుకుంటుంది. మనుషులకు కొలత కావాలి, నిజం మాత్రం కాస్త వదులుగా ఉండాలి.

లాగీ లాగీ నేను సాగిపోయాను. నా మీద ముప్పై మూడున్నర కనిపించే చోట నిజానికి ముప్పై నాలుగు అంగుళాలుంటాయి. అది ఎవరికీ తెలియలేదు. ఇందుమతి నాతోనే కొలిచి నాతోనే గుడ్డ కోసేది కాబట్టి, కొలతలో పోయిన అర అంగుళం కోతలో తిరిగొచ్చేది. జాకెట్లు ఒంటికి అతికినట్టు కుదిరేవి.

ఆమె కొడుకు భార్గవకు ఇరవై రెండేళ్లు. కానిస్టేబుల్ సెలక్షన్లకు తయారవుతున్నాడు. సెంటీమీటర్లను మార్చి చూసుకుంటే ఛాతీ ముప్పై నాలుగు అంగుళాలుండాలి. ఒకరోజు నన్ను మేకు మీదనుంచి తీసి అద్దం ముందు కొలుచుకున్నాడు. ముప్పై మూడున్నర. నాలుగుసార్లు కొలిచాడు, నాలుగుసార్లూ అదే చెప్పాను. అర అంగుళం తక్కువుందని తల్లికీ చెప్పాడు. సాగిన టేపు మాట మార్చదు.

జిమ్ములో కోచ్ నెలన్నరలో ఛాతీ తెప్పిస్తానన్నాడట. మంచం కింద బూట్ల అట్టపెట్టెలో చిన్న చిన్న సీసాలు, సూదులు చేరాయి. నెలన్నరకు నా మీద ముప్పై అయిదు కనిపించింది. కావలసింది వచ్చింది కదా, ఆపుతాడనుకున్నాను. సెలక్షన్లు వాయిదా పడ్డాయి. ఆపితే తగ్గిపోతుందని భయం. మళ్లీ వాయిదా, మళ్లీ ఇంకో సీసా. రోజూ పొద్దున్నే అతని ఛాతీ చుట్టూ నన్ను బిగించేవాడు. లోపల గుండె నన్ను తన్నినట్టు కొట్టుకునేది. ఆ వేగాన్ని చెప్పే అంకెలు నా మీద లేవు. అతను నన్ను వదలడు, నేను అతన్ని వదిలించుకోలేను. అట్లా ఆరు నెలలు.

పాత చొక్కాలు పట్టడం మానేశాక తల్లి కొత్తది కుడతానంది.

"చేతులెత్తరా."

ఛాతీ దగ్గర ఇందుమతి వేళ్లు ఆగిపోయాయి. పదకొండేళ్లుగా ఆడవాళ్ల ఒళ్లు కొలిచిన వేళ్లవి. నా కింద ఉన్నదంతా కండ కాదని వాటికి తెలిసిపోయింది.

"నొప్పిగా ఉందమ్మా, మెల్లగా," అన్నాడు భార్గవ గోడవైపు చూస్తూ.

ఆమె దళసరి గుడ్డ తీసి, ఛాతీకి అటూ ఇటూ రెండు జేబులు, వాటికి మూతలు పెట్టి కుట్టింది. దాచాల్సింది దాచడం ఆమెకు తెలిసిన విద్యే.

తరువాతి వారం కృపమ్మ ఒక జాకెట్టు పట్టుకొచ్చింది. ఆమె హెల్త్ సెంటర్లో నర్సు.

"ఇందూ, ఇది మా చెల్లెలొక్కదానికే కుట్టావా, నన్ను కూడా అందులో పట్టించావా?"

"నువ్వు ఫోన్లో చెప్పిన కొలతే గదక్కా. ముప్పై ఆరు."

"దాంది మొన్న కొన్న టేపు. నీదెన్నేళ్లదో చూసుకో ముందు."

నాతో కొలవకుండా నాతో కోసిన మొదటి జాకెట్టు అది. ఇందుమతి సొరుగులోంచి కొత్త టేపు తీసి నా పక్కన పరిచింది. నా ముప్పై మూడున్నర ఎదురుగా దాని ముప్పై నాలుగు నిలబడింది. ఆమె జాకెట్టు సంగతి మరిచిపోయి లోపలిగది వైపు చూసింది.

భార్గవ బనీనుతో బయటికొచ్చాడు.

"ఏరా, మొహం ఉబ్బిందేంటి? భుజాల మీద ఆ పొక్కులేంటి? ఇట్టా కూర్చో," అని కృపమ్మ సంచిలోంచి బీపీ పట్టీ తీసింది. అదీ నా జాతిదే, కాకపోతే లోపలిది చెబుతుంది. నూట అరవై, కింద నూట రెండు.

"ఏం పొడిపించుకుంటున్నావురా?"

"బలానికి, పెద్దమ్మా."

"ఒంట్లో పుట్టాల్సిన హార్మోను బయటనించి పోస్తుంటే లోపలిది పని మానేస్తది. ఆ ఛాతీ ఆడపిల్లకొచ్చినట్టు ఎందుకొచ్చిందనుకున్నావు? గుండె మీద, లివర్ మీద పడిద్ది. రేపు డాక్టర్ దగ్గరికి నాతో వస్తున్నావు."

"ఇరవై రోజుల్లో సెలక్షన్లు. ఇప్పుడాపితే ముప్పై నాలుగు కూడా ఉండదు. తర్వాత మానేస్తా."

ఇందుమతి రెండు టేపులూ తెచ్చి అతని ఒళ్లో పెట్టింది.

"నీకు మొదట్లోనే ముప్పై నాలుగుందిరా," అంది. "నాది సాగిపోయింది. నేను చూసుకోలా."

అతను మా ఇద్దరి చివరలూ కలిపి పట్టుకుని లాగి చూశాడు. మళ్లీ చూశాడు. తరువాత లోపలికెళ్లి బూట్ల పెట్టె తెచ్చి కృపమ్మ ముందు పెట్టాడు.

సెలక్షన్లకు వెళ్లలేదు. పొద్దునా సాయంత్రం మాత్రలు. మనిషి నీరసంగా, ఎప్పుడూ చిరాగ్గా ఉంటున్నాడు. సూదులు ఆపాక కొన్నాళ్లు అట్లాగే ఉంటుందట. ఛాతీ తగ్గకపోతే ఆపరేషన్ తప్పదన్నాడు డాక్టరు.

ఇందుమతి నన్ను పారేయలేదు. పారేస్తే ఇంకెవరికైనా దొరుకుతానని ఆమె భయం. గుండీలు వేసుకునే బిస్కెట్ డబ్బాలో పెట్టింది. ఇప్పుడు నేను కొలిచేది ఏదీ లేదు, మూత సందులోంచి చూడటం, వినడమే.

నిన్న ఆమె కొత్త టేపు తీసుకుని కొడుకును పిలిచింది.

"కొలవొద్దమ్మా. ఆది ఇస్తా," అన్నాడు. ఆది అంటే సరిపోయిన పాత బట్ట, దాన్ని చూసి కొత్తది కుడతారు. తెచ్చింది కాలేజీ రోజుల నీలం చొక్కా.

"ఇది ఇప్పుడు నీకు పట్టదురా."

"పట్టేదాకా ఉంచు."

ఇందుమతి చొక్కా మడిచి డబ్బా మీద పెట్టి, దాని మీద కత్తెర పెట్టింది. ఆ బరువుకు నా మూత ఇంకొంచెం బిగుసుకుంది.