చెత్తబండి గాంధారం

పొద్దున్నే వీధి మలుపులో చెత్తబండి పాట వినిపించగానే సగంవేలు మాస్టారు ముక్కు మూసుకున్నాడు. వాసన ఇంకా రాలేదు. స్వరం ముందొచ్చింది. ఆ స్వరం ఆయన కట్టిందే.

సగంవేలు అన్నది శిష్యులు తగిలించిన బిరుదు. వేణువు మీద సాధారణ గాంధారం, అంటే చిన్న గాంధారం, పలకాలంటే పై రంధ్రాన్ని వేలితో సగమే మూయాలి. పేరుకే సాధారణం, పలికించడం మహా అసాధారణం. వేలు పూర్తిగా ఎత్తేస్తే స్వరం పక్కింటి పెద్ద గాంధారంలోకి దూరి కాళ్ళు చాపుకుంటుంది. "సగం నాయనా, సగం" అని బడిలో గది గదికీ తిరిగి మొత్తుకోగా మొత్తుకోగా మాస్టారికి ఆ పేరు మిగిలింది.

ఇంకేం మిగల్లేదు. ఆయన రాసిన ప్రతి కృతికీ తొలి ప్రదర్శనే తుది ప్రదర్శన. విన్నవాళ్ళు "చాలా కొత్తగా ఉందండీ" అని మెచ్చుకుని, ఆ కొత్త పాతబడకుండా మళ్ళీ వినడం మానేసేవారు. పొట్ట నింపేది బడి. శిష్యులు ఊదేదాంట్లో సగం గాలి, సగం ఉమ్మి. సంగీతానికి చోటుండేది కాదు. సాయంత్రం ఆ వేణువుల్ని గుడ్డ చుట్టిన పుల్లతో తుడుస్తుంటే వచ్చే పుల్లటి వాసన అన్నం ముందు కూర్చున్నా వేళ్ళని వదిలేది కాదు.

అయినా ఆయన ఓర్చుకున్నాడు, ఒక్క వరస కోసం. వేణువుకీ వాద్యబృందానికీ కలిపి రాస్తున్న పెద్ద కృతికి ఆ వరసే గుండెకాయ. మెల్లగా పైకెక్కి, ఏదో చెప్పబోయి, ఆ మాట మింగేసినట్టుగా చిన్న గాంధారం మీదకి దిగి ఆగిపోతుంది. ఆ ఒక్క దిగుడు కోసమే మిగతా కృతి అంతా.

ఇక బావమరిది. నగర పారిశుద్ధ్య శాఖలో అధికారి. పారిశుద్ధ్యం చేతినిండా ఉంది గానీ శ్రుతిశుద్ధి చెవి దగ్గరికైనా రాలేదు. కొన్నాళ్ళు బావ దగ్గర వేణువు నేర్చుకుని, వేణువు మీద జాలితో మానేశాడు. చెత్తబళ్ళకి ఏదైనా పాట కావాలని ఆఫీసులో అనుకుంటుంటే, అక్కగారింట్లో రోజూ వినే వరస గుర్తొచ్చి, తనే ఊది, రికార్డు చేయించి, ఊళ్ళోని బళ్ళన్నిటికీ ఎక్కించాడు. ఊదినప్పుడు అసలైన చోట వేలు పూర్తిగా ఎత్తేశాడు. దాంతో వరస ఏడవబోయి ఇకిలించినట్టు తయారైంది. గాంధారంలో గంధం పోయి గబ్బు మిగిలింది.

పైగా అది బావకి కానుకట. నవ్వుతూ వచ్చి చెప్పాడు.

"నీ కచేరీకి మహా అయితే రెండు వరసల జనం వస్తారు బావా. ఇప్పుడు ఊరంతా గుమ్మాల్లోకొచ్చి వింటోంది."

"చేతిలో చెత్త పట్టుకుని," అన్నాడు మాస్టారు.

"చేతిలో ఏముంటే నీకేం? చెవులు ఖాళీయేగా."

పోనీ ఆ తప్పు స్వరమైనా దిద్దమన్నాడు మాస్టారు. బళ్ళకి పాటపెట్టెలన్నీ బిగించేశారనీ, ఇంత చిన్న తేడా ఎవడికి తెలుస్తుందనీ బావమరిది తేల్చేశాడు. మాస్టారు ఏదో అనబోతుండగా భార్య మధ్యలో అడ్డుపడింది.

"ఏమండీ, వాడు ప్రేమతో చేశాడు. మీ వరస పోయిందని మా వరస చెడగొట్టకండి."

అప్పట్నుంచి రోగం ముదిరింది. కొత్తగా చేరే శిష్యులు ఆ వరస ముందే నేర్చుకుని వచ్చేవారు, తప్పుతో సహా. ఎంత మొత్తుకున్నా వేలు లేచిపోయేది. వాద్యబృందం రిహార్సల్లో కాగితం మీద చిన్న గాంధారం కొట్టొచ్చినట్టు కనిపిస్తున్నా వయొలిన్లు పెద్దదాన్నే కోసేవి. చివరికి బృంద నాయకుడు మాస్టారిని పక్కకి తీసుకెళ్ళి, జనానికి అలవాటైనట్టే మార్చేస్తే పోదా అని మర్యాదగా అడిగాడు. చెత్తబండి వెనకాల సంగీతాన్ని నడిపించనని మాస్టారు ఖండితంగా చెప్పేశాడు.

చెప్పిన మర్నాడే గడ్డం గీసుకుంటూ తనలో తాను ఏదో కూనిరాగం తీస్తున్నాడు. విని చూస్తే అది పెద్ద గాంధారం. నోట్లో వెంట్రుక పడ్డట్టు ఉమ్మేశాడు. మళ్ళీ తీశాడు. మళ్ళీ పెద్దదే వచ్చింది. అప్పుడు భయమేసింది. ఆ చిన్న స్వరం బతికున్నది లోకంలో తన వేలి మీద ఒక్కచోటే. అదీ లేచిపోతే ఇక ఎక్కడా లేదు.

ప్రదర్శన సాయంత్రం సభ కిక్కిరిసింది. ఆయన జన్మలో ఇదే మొదటిసారి. చెత్తబండి పాట కట్టినాయన వాయిస్తున్నాడని అందరికీ తెలిసిపోయింది. మొదటి భాగమంతా దగ్గులూ ఆవలింతలూ. రెండో భాగంలో వేణువు వరస అందుకోగానే సభంతా నవ్వు పాకింది. మూడో వరసలో ఒకాయన అలవాటుగా లేచి నిలబడబోతే భార్య చొక్కా పట్టి లాగింది.

మాస్టారు కళ్ళు మూసుకున్నాడు. వరస ఎక్కింది, దిగింది. వేలు లేవలేదు. సగం. సరిగ్గా సగం. చిన్న గాంధారం పలికింది.

సభ "అయ్యో" అంది.

ఎవరో జాలిగల మనిషి, వేదిక మీద పద్యం మరిచిపోయిన పిల్లాడికి అందించినట్టు, పెద్ద గాంధారం అందించాడు. పక్కవాడూ కలిశాడు. ఆపైన బాల్కనీ. క్షణంలో సభ మొత్తం ఒక్క గొంతుతో మాస్టారిని ఆదుకోవడం మొదలెట్టింది. ఆయన స్వరం వదల్లేదు. చిన్నదీ పెద్దదీ ఒరుసుకుని పింగాణీ మీద మేకు గీసినట్టు పళ్ళు జివ్వుమన్నాయి. ఆయనకున్నది ఒక్క ఊపిరి, అవతల వెయ్యి. ఊపిరి అయిపోయింది. సభ స్వరం నిలబడింది. తర్వాత వాళ్ళకి వాళ్ళే చాలాసేపు చప్పట్లు కొట్టుకున్నారు.

వేదిక వెనక గదిలోకి బావమరిది కళ్ళు తుడుచుకుంటూ వచ్చాడు.

"ఒక్కచోట తప్పావు బావా. ఫర్వాలేదులే, జనం ఎత్తుకున్నారు."

"ఎత్తుకున్నారు కాదురా, ఎత్తుకుపోయారు."

బావమరిది కళ్ళు తుడుచుకోవడం ఆపాడు. మొదటిసారి అనుమానం వచ్చినట్టుంది. అయితే నేను ఊదిందే తప్పా అని మెల్లగా అడిగాడు. మాస్టారు తలూపాడు.

"కొత్త బళ్ళొస్తున్నాయి బావా. పాత పెట్టెలన్నీ పీకేస్తున్నాం. ఈసారి నువ్వే వచ్చి ఊదు. నీ గాంధారమే ఊరంతా వేస్తాను."

మాస్టారికి ఛీ కొట్టాలనిపించింది. నోటిదాకా వచ్చింది కూడా. కానీ ఆ నోటితోనే ఎప్పుడు రమ్మంటావని అడిగాడు.

రికార్డు చేసే గది బళ్ళ షెడ్డుకి ఆనుకుని ఉంది. కిటికీ రెక్క ఊడిపోయింది. బయట పాత బళ్ళు బారులు తీరి, అడుగున నల్లటి రసం కారుస్తున్నాయి. ఈగలు తలుపు తట్టకుండానే లోపలికొచ్చి ఒకటి వేణువు మీదే వాలింది. యంత్రం ముందున్న మనిషి ముక్కుకి గుడ్డ కట్టుకుని, కానివ్వండన్నట్టు చెయ్యి ఊపాడు.

మాస్టారు వేణువు పెదవికి ఆనించాడు. ఊదాలంటే ముందు గుండెల నిండా పీల్చాలి. ముక్కు మూసుకుందామంటే రెండు చేతులూ వేణువు మీదున్నాయి.

పీల్చాడు.